మూడో గట్టుకు పదకొండో మనిషి

గడువుకు 41 రోజులు. నీరు గట్టు తలకు రెండు మూరల కింద.

ఈ పుస్తకంలో నీటి మట్టం తప్ప ఇంకేమీ రాయకూడదని రూలు. ఇరవై ఆరేళ్ళుగా పొద్దున్నే లేచి, కొలబద్ద చూసి, ఒక్క అంకె రాసి మూసేస్తున్నాను. ఈ రోజునుంచి మిగతా కాగితం కూడా వాడుకుంటాను. పైవాళ్ళెవరూ దీన్ని తెరిచి చూసిన పాపాన పోలేదు కాబట్టి కొంపలేమీ మునగవు. మునిగే కొంపల గురించే రాయబోతూ ఆ మాట వాడటం బాగులేదు గానీ, నోటికి అదే వచ్చింది.

నా పేరు కొల్లాబత్తుల రూతు. మూడో గట్టుకు కాపలాదారుని. మూడో గట్టు ఫుట్‌బాల్ జట్టుకు మనుషుల్ని పిలుచుకొచ్చేది కూడా నేనే. రెండు పనుల్లోనూ రోజూ కొంచెం కొంచెం ఓడిపోతూ ఉంటాను.

నిన్న ఆదివారం పడవలో మా జట్టులో ఆడే దిల్షాద్ మెట్ట ప్రాంతానికి వెళ్ళిపోయింది. మేడల మీద కూరగాయలు పెంచే చోట పని దొరికిందట. వెళ్తూ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, మధ్యలో జట్టును లెక్కపెట్టుకున్నాను. పదిమందే మిగిలారు.

లీగ్ పట్టికలో పేరున్న ఊరికే ఆదివారం పడవ వస్తుంది. ఎదుటి జట్టుతో పాటు బియ్యం, మందులు, మంచినీళ్ళ వడపోత గుడ్డలు అందులోనే వస్తాయి. గడువు రోజున పదకొండుమంది నిలబడకపోతే పేరు కొట్టేస్తారు. ఆరేళ్ళ కిందట రెండో గట్టు పేరు కొట్టేశారు. ఏడాది తిరిగేసరికి అక్కడ దీపం కనిపించడం మానేసింది. మాది నూట నలభై గడప.

గోల్ కర్రలకు పట్టిన ఉప్పు గీకి వచ్చి ఇది రాస్తున్నాను. చేతులు మండుతున్నాయి.

గడువుకు 33 రోజులు. నీరు రెండు మూరలకు నాలుగు వేళ్ళు తక్కువ.

మెట్ట మీద ఖాళీల సంతకు వెళ్ళొచ్చాను. ఒప్పందం ముగిసి ఏ జట్టుకూ చెందని ఆటగత్తెల్ని మా వైపు ఖాళీలంటారు. ఏడాదికోసారి వాళ్ళంతా అక్కడ చేరతారు. పెద్ద జట్ల గుడారాల్లో చల్లగాలి, మెత్తటి కుర్చీలు. నాది గోడ పక్కన ఒక బల్ల, ఒక గొడుగు, వచ్చినవాళ్ళ చేతిలో పెట్టడానికి ఎండు రొయ్యల పొడి.

ఓడే జట్టుకు మనుషుల్ని ఎలా పిలవాలో నన్నడగాలి. మొదట్లో అబద్ధాలు చెప్పాను. మైదానం పచ్చగా ఉంటుందన్నాను. వచ్చిన పిల్ల చీలమండ లోతు ఉప్పునీళ్ళు చూసి అదే పడవలో వెనక్కి తిరిగింది. మరుసటేడు కెప్టెన్‌ని చేస్తానని ఆశ పెట్టాను. ఇద్దరొచ్చారు. ఇద్దరికీ అదే మాట చెప్పానని తెలిసి జుట్లు పట్టుకున్నారు. తర్వాత తొంభై నిమిషాలూ ఆడిస్తానన్నాను. అది మాత్రం నిజం, బెంచీ మీద కూర్చోబెట్టడానికి మాకు మనిషంటూ ఉంటే కదా. దిల్షాద్ వచ్చింది ఆ మాటకే.

ఈసారి రేకు మీద సున్నంతో ఇలా రాసి పెట్టాను: “మూడో గట్టు. నాలుగేళ్ళుగా గెలవలేదు. ఇక్కడ మీ కాళ్ళతో మీరు ఆడొచ్చు.”

పెద్ద జట్లలో సొంత కాళ్ళతో ఎవరూ ఆడరు. ఎప్పుడో ఆడి పోయిన గొప్పవాళ్ళ నడక, పరుగు, తన్ను అంతా ఒక బిళ్ళలోకి ఎక్కించి, నడుం దగ్గర వెన్నులో పెడతారు. ఆ రోజునుంచి కాళ్ళు ఆ పోయినావిడ చెప్పినట్టు వింటాయి. మైదానంలోనే కాదు, వంటింట్లో కూడా. మాకు బిళ్ళలు కొనే స్తోమత లేదు. ఆ లేమినే సున్నంతో రాసి గొప్పగా నిలబెట్టాను.

సాయంత్రందాకా ఈగలు తప్ప ఎవరూ ఆగలేదు. అప్పుడు ఒక మనిషి వచ్చి రేకు రెండుసార్లు చదివింది. ముప్పై ఏళ్ళు దాటి ఉంటాయి. కుడి మడమ బయటి అంచు మీద బరువు వేసి నిలబడే తీరు చూస్తే నాకు ఎక్కడో చూసినట్టు అనిపించింది.

“ఇది నిజంగానే రాశారా, ఎవరో ఒకరు ఆగుతారని రాశారా?” అంది.

“ఆగేవాళ్ళుంటే ఈ గొడుగు కింద ఒక్కదాన్నే ఎందుకుంటానమ్మా,” అన్నాను. “నువ్వు ఇంద్రాణి కాళ్ళ మీదున్నావు కదూ?”

ఆమె నవ్వింది. కుంచె ఇంద్రాణి పోయి నలభై ఏళ్ళు. చిన్నప్పుడు మా ఇంటి గోడ మీద ఆవిడ బొమ్మ ఉండేది. ఒకప్పుడు ఆవిడ కాళ్ళతో పన్నెండుమంది ఆడేవారు. ఇప్పుడు పాతబడిపోయాయని జట్లు వదిలించుకుంటున్నాయట. ఈమె పేరు గెడ్డం యామిని. పద్నాలుగో ఏట బిళ్ళ పెట్టారు. పోయిన నెల ఒప్పందం ముగిసింది. బిళ్ళను జట్టు వెనక్కి అడగను కూడా అడగలేదట.

“వేరే బిళ్ళ వేయించుకుంటే ఏదో ఒక జట్టు తీసుకుంటదండి,” అంది యామిని. “మా అమ్మకి ఆఖర్లో చూపు పోయింది. అడుగుల చప్పుడు బట్టి అందర్నీ పోల్చేది. పక్కింటోళ్ళని, పాలబ్బాయిని కూడా. నేను సెలవు దొరికి ఇంటికెళ్ళి వరండాలోకి నడిచొస్తే, ఎవరమ్మా, అంది. చనిపోయేదాకా ప్రతిసారీ అదే. నేనేనమ్మా అని చెప్పుకోవాల్సొచ్చేది. నా నడక ఎలా ఉండేదో నాకు గుర్తులేదండి. ఒక్కసారి చూసుకోవాలనుంది.”

మా ఊళ్ళో తీసేవాళ్ళున్నారా అని అడిగింది. ఉన్నారన్నాను. ఆ మాట నిజమే గనక ధైర్యంగా చెప్పాను.

గడువుకు 31 రోజులు. నీరు అంతే.

సంత పడవలో యామిని వచ్చింది. గట్టు సంఘం పెద్ద అప్పాజీ గారు రేవుకు ఎదురొచ్చి, తడి చెప్పులతోనే దండం పెట్టారు. నూట నలభై గడపల్లో ప్రతివాళ్ళూ ఏదో ఒకటి తెచ్చారు. ఎక్కువమంది ఎండుచేపలే తెచ్చారు.

మా గట్టుకు ఒక పద్ధతి ఉంది. కొత్త ఆటగత్తె వచ్చిన రోజున గట్టు మీద బలహీనంగా ఉన్న చోట మెత్తటి బంకమట్టి వేస్తాం. ఆమె వట్టికాళ్ళతో దాని మీద పదకొండు అడుగులు నడవాలి. అవి ఎండి, గట్టులో కలిసిపోతాయి. లీగ్ వాళ్ళకు సంతకం అక్కర్లేదు, మనిషికి నడకే గుర్తు. వేరే ఊళ్ళలో దానికి నడక పలక అని ఒక యంత్రం ఉంటుంది. మేం మట్టిలో అడుగులు ఫొటో తీసి పంపిస్తే వాళ్ళు కొలుచుకుని పేరు ఎక్కించుకుంటారు.

యామిని చెప్పులు విప్పి, అంచు దగ్గర ఆగింది.

“బిళ్ళ తీయించుకున్నాక నడుస్తానండి. నా కాళ్ళతో నడిస్తే బాగుంటది కదా,” అంది.

పదిమంది ఆటగత్తెలూ, ఊరూ చూస్తున్నారు. పడవ ఇంకా రేవులోనే ఉంది. మట్టి మైదానాన్ని, ఉప్పునీళ్ళను చూసి మనసు మార్చుకుంటుందేమోనని నాకు భయం. ఒకసారి అలా జరిగింది కదా.

“అదెంతసేపమ్మా, ఇప్పుడే నడిచెయ్. మట్టి ఆరిపోద్ది,” అన్నాను.

నడిచింది. పదకొండు అడుగులూ, కుడి మడమ బయటికి లోతుగా. అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటో నేనే తీసి పంపాను.

గడువుకు 24 రోజులు. నీరు రెండు మూరలకు ఆరు వేళ్ళు తక్కువ.

మైదానంలో నీళ్ళు తోడి, ఊక చల్లి, మా పిల్లలతో యామినిని ఆడించాం. బంతి ఆమె దగ్గరికి వెళ్తే తిరిగి రాదు. ముగ్గుర్ని తప్పించుకుని, నాలుగో మనిషిని ఆగి చూసి మరీ దాటిపోయింది. మా పిల్లలు ఆట మానేసి చూస్తూ నిలబడిపోయారు. నేనూ గోడ మీది బొమ్మ కదిలినట్టు చూశాను.

అప్పాజీ గారు నా పక్కకు వచ్చారు. “ఏవండీ రూతమ్మ గారూ, ఆ బిళ్ళ తీయకపోతే ఏవండీ? ఒక్క ఏడాది.”

“మాటిచ్చానండి,” అన్నాను.

“ఆయ్. మాటిచ్చారు కదా, మరింకేం,” అని వెళ్ళిపోయారు. ఆయన అంతకుమించి అడిగే మనిషి కాదు.

గడువుకు 12 రోజులు. నీరు ఒక మూర ఎనిమిది వేళ్ళు.

మొన్న బేబీరాణి బిళ్ళ తీసింది. మా ఊళ్ళో పళ్ళు పీకేదీ, పురుళ్ళు పోసేదీ ఆమే. అంతకుముందు మెట్టలో పదేళ్ళు బిళ్ళలు పెట్టీ తీసీ చేయి తిరిగింది. తీసినదాన్ని కడిగి, చిన్న ఊరగాయ జాడీలో పెట్టి మూత బిగించింది.

రెండు రోజులు యామిని నిలబడలేకపోయింది. గోడ పట్టుకుంటే మోకాళ్ళు వేరే మనిషివిలా వణికాయి. మూడో రోజు పొద్దున లేచి గుమ్మందాకా వెళ్ళింది. ప్రతి మూడో అడుగుకూ ఎడమ కాలు ఒక చిన్న గెంతు వేస్తోంది. పద్నాలుగేళ్ళ పిల్ల బడికి వెళ్తున్నట్టుంది. ఆమె ఆగి, కాళ్ళు చూసుకుని, మళ్ళీ నడిచింది. మళ్ళీ గెంతు వచ్చింది.

“ఇదేనండి,” అంది. “ఇందుకే అమ్మ నన్ను గెంతుబొమ్మా అనేది. ఆ పేరు ఎందుకో కూడా మర్చిపోయాను.”

గుమ్మంలోనే కూర్చుని చాలాసేపు ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళలో నేను పిలుచుకొచ్చిన ఎవరికైనా చెప్పింది చెప్పినట్టు ఇవ్వగలిగానంటే అది ఇదొక్కసారే. నాకు చాలా సంతోషం కలిగింది.

గడువుకు 5 రోజులు. నీరు ఒక మూర ఆరు వేళ్ళు.

యామిని ఇప్పుడు చాలా చెత్తగా ఆడుతుంది. బంతి ఆపబోతే రెండు గజాలు పోతుంది. మా పిల్లలకు హాయిగా ఉంది, తమతో సమానంగా తిట్టుకోడానికి ఒక మనిషి దొరికింది. నన్ను పిన్నీ అంటోంది. ఈ రోజు గట్టు మరమ్మతుకు మట్టి మోస్తుంటే, కొత్తగా వేసిన తడి మట్టి మీదనుంచి తట్టతో నడిచి వెళ్ళింది. మామూలుగానైతే తిట్టి, అడుగులు చదును చేయిస్తాను. చేయించలేదు. కొలబద్ద దగ్గర ఆ గెంతు పడిన చోటు, ఎడమ పాదం ముందు భాగం మాత్రమే దిగి, జానెడు మేర ఉంది.

ఇప్పుడు తల తిప్పకుండానే ఆమె వస్తోందని తెలుస్తోంది. ఠక్, ఠక్, తర్వాత గెంతు.

గడువు రోజు. నీరు ఒక మూర ఐదు వేళ్ళు.

పడవలో లీగ్ పరీక్షకుడు నరహరి గారు వచ్చారు. నెమ్మదైన మనిషి. మా ఎండుచేపల పులుసు రెండుసార్లు వేయించుకున్నారు. తర్వాత నడక పలక మైదానంలో పరిచి, ఒక్కొక్కర్నే నడవమన్నారు. పదిమందీ నడిచారు, పదిసార్లు పచ్చదీపం వెలిగింది. మా గట్టు మీద పుట్టినవాళ్ళకు పోయేదాకా ఒకటే నడక.

యామిని నడిచింది. పలక మీద కూడా గెంతు వేసింది. దీపం వెలగలేదు. మళ్ళీ నడిపించారు. వెలగలేదు.

“మీరు పంపిన అడుగులు ఈవిడవి కావండి,” అన్నారు నరహరి గారు. “ఇవి ఎవరివో.”

నాకు కాళ్ళ కింద మట్టి జారిపోయింది. పెద్ద జట్లలో బిళ్ళ మార్చిన ప్రతిసారీ కొత్త నడక మళ్ళీ ఎక్కిస్తారట. దానికి వేరే ఉద్యోగులుంటారట. మాకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. నేను ఫొటో తీసి పంపింది చచ్చిపోయిన ఇంద్రాణి నడకను.

ఇప్పుడు మార్చుకోమన్నాను. పేర్లూ నడకలూ మార్చే గడువు పది రోజుల కిందటే అయిపోయిందన్నారు. బదులుగా నేను నిలబడతానన్నాను, యాభై ఎనిమిదేళ్ళ దాన్ని. దానికీ అదే జవాబు. ఆయన ముఖంలో బాధ కనిపించింది. “సాయంత్రం పడవ బయల్దేరేదాకా కూర్చుంటానండి. పలక పరిచే ఉంచుతాను,” అన్నారు. అంతకుమించి ఆయన చేతిలో లేదు.

బేబీరాణి ఇంట్లో నలుగురం చేరాం. జాడీ అల్మరాలోనే ఉంది. దాన్ని ఎవరూ చూడటం లేదు.

“పెట్టడం అరగంట పని,” అంది బేబీరాణి. “కానండి, తీసి మళ్ళీ పెడితే ఎముక్కి అంటుకుపోద్ది. ఇంక తీయడానికి కుదరదు. అది కూడా ఇప్పుడే చెప్పెయ్యాలి.”

అప్పాజీ గారు నేల చూస్తూ, “నేనడగలేనండి. నా వల్ల కాదు,” అని బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు.

యామిని నావైపు తిరిగింది. “మీరేమంటారు పిన్నీ?”

ఆ రోజు మట్టి అంచున ఆగి ఆమె అడిగింది ఒక్కటే. తర్వాత నడుస్తానంది. నేను ఆగి ఉంటే ఈ రోజు దీపం వెలిగేది. వద్దమ్మా, పడవ ఎక్కి వెళ్ళిపో అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. బయట పిల్లలు, ముసలివాళ్ళు పలక చుట్టూ కూర్చుని ఉన్నారు.

“పెట్టించుకో,” అన్నాను.

ఇది నేను అన్నానని ఇక్కడ రాసి పెడుతున్నాను. ఎవరో బలవంతం చేశారని రేపు నేనే చెప్పుకోకుండా ఉండటానికి.

యామిని లేచింది. మంచం మీద బోర్లా పడుకుని, జడ ముందుకు వేసుకుంది. పడవ కూత వేసే ముందు, బేబీరాణి భుజం పట్టుకుని వచ్చి పలక మీద నడిచింది. కుడి మడమ బయటికి. పచ్చదీపం వెలిగింది. ఊరంతా లేచి నిలబడింది గానీ ఈసారి చప్పట్లు కొట్టలేదు.

గడువు దాటి 21 రోజులు. నీరు ఒక మూర నాలుగు వేళ్ళు.

గెలిచాం. మూడు, ఒకటి. మూడూ యామిని వేసింది. నాలుగేళ్ళ తర్వాత వచ్చిన గెలుపు కదా, అప్పాజీ గారు మైదానంలో నీళ్ళలోనే చతికిలబడి నవ్వారు. మా పిల్లలు యామినిని ఎత్తుకుని గట్టు చుట్టూ తిప్పారు. ఆమె అందరికీ చెయ్యి ఊపింది. పడవ నిండా బియ్యం వచ్చింది.

గడువు దాటి 22 రోజులు. నీరు అంతే.

పొద్దున కొలబద్ద దగ్గర వంగి అంకె చూస్తుంటే వెనక అడుగుల చప్పుడైంది. మెత్తగా, బరువు ఒక పక్కకు వేసి, సమంగా. ఎవరో కొత్త మనిషి అనుకున్నాను.

“ఎవరమ్మా?” అన్నాను, తల తిప్పకుండా.

చప్పుడు ఆగిపోయింది. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు. తిరిగి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

“నేనే పిన్నీ,” అంది యామిని.

మరుసటి ఏడు. గడువుకు 40 రోజులు. నీరు ఒక మూర.

ఏడు ఆటలు గెలిచాం. ఈసారి నేను సంతకు వెళ్ళకముందే నలుగురు ఖాళీలు కబురు పంపారు, వస్తామని. నలుగురికీ బిళ్ళలున్నాయి. తీయించుకోవాలని ఎవరూ అడగలేదు. రేకు బయటికి తీసి, చివరి వాక్యం తడిగుడ్డతో తుడిచేశాను. దాని బదులు ఏం రాయాలో ఇంకా తోచలేదు.

నీరు ఈ ఏడు బాగా పెరిగింది గనక గట్టు మొత్తానికి మూరెడు మట్టి వేయమని సంఘం తీర్మానించింది. వారం రోజులుగా ఊరంతా మోస్తోంది. యామిని కూడా మోస్తోంది. ఇంద్రాణిలా నడుస్తూ, తట్ట ఒలకకుండా. నిన్నటితో పని అయిపోయింది, ఒక్క కొలబద్ద దగ్గర తప్ప. అక్కడ ఎడమ పాదం ముందు భాగం ఒకటి ఎండి, గట్టిగా ఉంది. దాని చుట్టూ ఇటుకలు పేర్చి, ఆ జానెడు చోటు వదిలేశాను. అప్పాజీ గారు చూసి, పక్కనుంచి దాటుకుని వెళ్ళిపోయారు.

నీళ్ళు ఎప్పుడైనా వస్తే ముందు అక్కడినుంచే వస్తాయి. ఇరవై ఏడేళ్ళుగా గట్టు కాచేదాన్ని, ఆ మాత్రం తెలుసు. అందుకని పోటు రోజుల్లో గంపెడు తడి మట్టి పక్కన పెట్టుకుని అక్కడే కూర్చుంటున్నాను. ఈ రోజు పోటుకు నీరు ఆ అడుగుకు నాలుగు వేళ్ళ కిందిదాకా వచ్చి, వెనక్కి తగ్గింది. దాన్ని పూడ్చడానికి చేతిలోకి తీసుకున్న మట్టిని తిరిగి గంపలో వేశాను.